కంటికి కనబడని గుణం: సేంద్రియ ఆహారాన్ని ఎందుకు కొంటున్నాం?

వంకాయ లేతదో ముదురో పట్టుకు చూస్తే తెలుస్తుంది. దోసకాయ చేదో కాదో చిన్న ముక్క నోట్లో వేసుకుంటే తెలుస్తుంది. ఆ వంకాయ మీద ఎన్నిసార్లు పురుగుమందు కొట్టారన్నది మాత్రం చూసినా తెలియదు, వండుకుని తిన్నాక కూడా తెలియదు. అర్థశాస్త్రవేత్త ఫిలిప్ నెల్సన్ 1970లో సరుకులను రెండు రకాలుగా విడదీశాడు: కొనేముందే పరీక్షించి తెలుసుకోగలిగినవి, వాడాక మాత్రమే తెలిసేవి. 1973లో మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ మూడో రకాన్ని చేర్చారు. వాడిన తరవాత కూడా వాటి నిజానిజాలు కొన్నవారికి తేలవు. వాటిని నమ్మకపు సరుకులు అనవచ్చు. సేంద్రియ ఆహారం ఈ మూడో జాతికి చెందింది. కాబట్టి విజయవాడ పటమటలో ఒక గృహిణి కిలో బియ్యానికి మామూలు కన్నా ఎక్కువ ధర ఎందుకు పెడుతోందని అడిగితే, ఆమె రుచినీ ఆరోగ్యాన్నీ గురించి చెప్పే మాటల వెనక ఇంకో ప్రశ్న దాగి ఉంటుంది: ఆమె ఎవరిని నమ్ముతోంది, దేన్ని చూసి నమ్ముతోంది?

ఆధారం చేతికి అందనప్పుడు మనిషి గుర్తులు వెతుక్కుంటాడు. పటమట రైతు బజారుకు వచ్చేవారికి అలాంటి గుర్తులు కొన్ని ఉన్నాయి. వంకాయకు పుచ్చు ఉంటే మందు కొట్టలేదని అర్థం. బెల్లం నల్లగా ఉంటే మంచిది. బియ్యం ముడివైతే మంచివి. ఆకుకూర చిల్లులు పడి ఉంటే ఇంటి పెరటిది. ఈ గుర్తులను తేలిగ్గా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, వాటి వెనక అనుభవం ఉంది. అయినా ఒక్కొక్కదాన్నీ పరీక్షకు నిలబెట్టాల్సిందే. వంగకు పట్టే కాయతొలుచు పురుగు కాయ లోపల చేరి బతుకుతుంది. పురుగు కనబడిన తరవాత రైతు మందు పెంచడం మామూలే. అందుకని పుచ్చు కాయ మీద మందు అసలే పడలేదని చెప్పడానికి లేదు. నల్ల బెల్లం సంగతి కొంత నిజం. బెల్లం తెల్లబడడానికి కలిపే హైడ్రోస్ లేదని ఆ రంగు సూచించవచ్చు. చెరకు తోటలో ఏం చల్లారో మాత్రం ఆ రంగు చెప్పదు.

ముడి బియ్యం విషయంలో చాలామందికి తెలియని మెలిక ఉంది. పురుగుమందుల అవశేషాలు గింజ పైపొరలోనే, అంటే తవుడులోనే, ఎక్కువగా నిలుస్తాయి. పాలిష్ పట్టినప్పుడు పీచుతో, విటమిన్లతో పాటు వాటిలో కొంత భాగం కూడా పోతుంది. షుగరు భయంతో పాలిష్ బియ్యం మాని ముడి బియ్యానికి మారిన కుటుంబానికి, ఆ వరి ఎలా పండిందని అడగవలసిన అవసరం మునుపటికన్నా పెరిగిందన్నమాట. ఆరోగ్యం కోసం చేసిన ఒక మార్పు రెండో మార్పును కోరుతోంది. పటమటలో దేశవాళీ బియ్యం కొనే ఇళ్లు చాలావరకు ఈ దారినే వచ్చాయని నా అభిప్రాయం. ముందు వైద్యుడి హెచ్చరిక, తరవాత ముడి బియ్యమో కొర్రలో, ఆ తరవాత గానుగ నూనె, చివరికి మందు వెయ్యని కూరలు.

ఈ మార్పుకు విజయవాడలో నేల ముందే సిద్ధమై ఉంది. ఊరి పక్కనే కృష్ణ ఒడ్డున మంతెన సత్యనారాయణ రాజు ప్రకృతి ఆశ్రమం ఉప్పూ నూనే లేని తిండిని ఏళ్ల తరబడి బోధించింది. చిరుధాన్యాల మీద ఖాదర్ వలీ ఉపన్యాసాల పుణ్యమా అని అరికెలు, అండుకొర్రలు, ఊదలు మధ్యతరగతి వంటింటికి చేరాయి. గుంటూరు దగ్గర కొర్నెపాడులో రైతునేస్తం పత్రిక నడిపే యడ్లపల్లి వెంకటేశ్వరరావు సేంద్రియ సేద్యంలో శిక్షణ ఇప్పిస్తూ వచ్చారు. 2019లో ఆయనకు పద్మశ్రీ లభించింది. అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులు అక్కడి దుకాణాల్లో చూసిన సేంద్రియ ముద్రను ఇక్కడా అడగడం మొదలుపెట్టారు. తిండి గురించి పదిమందీ ఒకే తీరుగా మాట్లాడే చోట కొత్త సరుకుకు ఆదరణ త్వరగా వస్తుంది. ఐసెక్ ఐజెన్ 1991లో వివరంగా ప్రతిపాదించిన ప్రవర్తనా సిద్ధాంతంలో మూడు అంశాలున్నాయి: ఆ పని మంచిదన్న అభిప్రాయం, మనవాళ్లు మననుంచి దాన్ని ఆశిస్తున్నారన్న భావన, అది మన చేతనవుతుందన్న నమ్మకం. పటమటలో మొదటి రెండూ బలంగా ఉన్నాయి. మూడోది జేబు దగ్గర ఆగిపోతోంది. ఆ సంగతికి తరవాత వస్తాను.

అన్నిటికన్నా బలమైన కారణం భయం. దీనికి ఈ ప్రాంతపు చరిత్రలోనే పునాది ఉంది. 1855లో ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ కృష్ణా డెల్టాను ధాన్యాగారం చేశాయి. హరిత విప్లవంతో సార్వా, దాళ్వా రెండు పంటలూ ఎరువుల మీద, మందుల మీద నిలబడ్డాయి. దోమపోటు వచ్చిన ఏడాది మందు కొట్టని చేను లేదు. పక్కనే గుంటూరు పత్తి, మిరప చేలు మందుల వాడకానికి పేరుమోశాయి. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. బాధితుల సంఖ్య 600 దాటింది. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనబడ్డాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. పురుగుమందుల అవశేషాల మీదికీ అనుమానం వెళ్లింది. రోగుల్లో కొందరిని విజయవాడ ఆసుపత్రికే తెచ్చారు. ఆ వారం పటమటలో కూరగాయలను ఉప్పునీళ్లలో కడగని ఇల్లు ఉండి ఉండదు.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతోంది. విజయవాడ కొనుగోలుదారు మనసులో చాలా భయాలు ఒకే మూటలో ఉన్నాయి. నున్న మామిడి మార్కెట్ గురించి మాట్లాడేటప్పుడు కార్బైడ్ భయం. నూనెలో కల్తీ భయం. పాలలో ఏదో కలిపారన్న భయం. బెల్లంలో హైడ్రోస్ భయం. కూరల మీద పురుగుమందు భయం. ఈ మూట మొత్తానికి జవాబుగా ఆర్గానిక్ అన్న ఒక్క మాటను కొంటున్నారు. కానీ ఇవి వేర్వేరు దశల్లో జరిగే వేర్వేరు తప్పులు. కాల్షియం కార్బైడ్‌తో కాయలు మగ్గించడం చట్టం నిషేధించిన పని. పరిమిత మోతాదులో ఇథిలీన్ వాయువు వాడడానికి అనుమతి ఉంది. అది కోత తరవాతి సంగతి. నూనె కల్తీ వ్యాపారి దగ్గర జరిగేది. పురుగుమందు చేలో పడేది. అన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల, కల్తీని పట్టుకోవలసిన ఆహార భద్రతా యంత్రాంగం మీద పడవలసిన ఒత్తిడి తగ్గి, ఆ బరువు డబ్బున్న కుటుంబాల సొంత కొనుగోళ్ల మీదికి జారుతోంది. డబ్బు లేనివారికి ఆ దారి కూడా లేదు.

ఇంతకీ ఆరోగ్యం గురించిన నమ్మకంలో ఎంత నిజం ఉంది? అమెరికాలోని సియాటిల్‌లో 23 మంది పిల్లల మీద జరిపిన పరిశీలన 2006లో వెలువడింది. ఐదు రోజులపాటు వారి మామూలు ఆహారం స్థానంలో సేంద్రియ ఆహారం పెట్టారు. మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ మందులు శరీరంలో విరిగినప్పుడు ఏర్పడే పదార్థాలు మూత్రంలో వెంటనే గుర్తించలేని స్థాయికి పడిపోయాయి. పాత తిండికి తిరిగి రాగానే మళ్లీ కనబడ్డాయి. దీన్నిబట్టి ఒక మాట గట్టిగా చెప్పవచ్చు: తిండి మారితే ఒంట్లోకి వెళ్లే మందు తగ్గుతుంది. తగ్గినందువల్ల జబ్బులు కూడా తగ్గుతాయా అన్నది వేరే ప్రశ్న. ఆ పరిశీలన దాని జోలికి వెళ్లలేదు.

2012లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కూర్చి చూశారు. సేంద్రియ ఆహారంలో పోషకాలు ఎక్కువన్నదానికి బలమైన ఆధారం దొరకలేదు, అవశేషాలు మాత్రం తక్కువ సందర్భాల్లో కనబడ్డాయి. 2014లో బ్రిటన్‌లోని న్యూకాసిల్ బృందం 343 పత్రాలను పరిశీలించింది. సేంద్రియ పంటల్లో యాంటీఆక్సిడెంట్లు ఎక్కువ, కాడ్మియం తక్కువ, పురుగుమందు అవశేషాలు కనబడే అవకాశం నాలుగో వంతేనని తేల్చింది. పోషకాల దగ్గర రెండు బృందాలకూ పొత్తు కుదరలేదు, అవశేషాల దగ్గర కుదిరింది.

క్యాన్సర్ విషయంలో ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలి. ఫ్రాన్స్‌లో దాదాపు 69,000 మందిని అనుసరించిన అధ్యయనం 2018లో వచ్చింది. సేంద్రియ ఆహారం ఎక్కువగా తినేవారిలో క్యాన్సర్లు 25 శాతం తక్కువగా నమోదయ్యాయి. ఈ వార్త తెలుగు పత్రికల్లోనూ, వాట్సాప్‌లోనూ చాలా తిరిగింది. అంతకు నాలుగేళ్ల ముందు బ్రిటన్‌లో 6 లక్షలకు పైగా మహిళలపై జరిగిన అధ్యయనంలో మొత్తం క్యాన్సర్లలో తగ్గుదల కనబడలేదు. ఆ సంగతి అంతగా తిరగలేదు. పైగా ఇలాంటి అధ్యయనాలన్నిటికీ ఒక పరిమితి ఉంది. సేంద్రియ ఆహారం కొనేవారికి చదువు, ఆదాయం ఎక్కువ ఉంటాయి, పొగ తక్కువ తాగుతారు, కూరలు ఎక్కువ తింటారు. లెక్కల్లో వీటిని ఎంత సర్దినా ఫలితంలో ఏ భాగం దేనివల్ల వచ్చిందో పూర్తిగా విడదీయలేం. పటమటలోనూ ఇదే పరిస్థితి. కొర్రలు కొనే ఇంట్లోనే పొద్దున నడక, చక్కెర లేని కాఫీ మొదలవుతాయి. మేలు దేనివల్ల జరిగిందో ఆ ఇంటివారు చెప్పలేరు.

ముద్ర చేసే మాయ మరొకటి ఉంది. స్వీడన్‌లో 2013లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఒకే కాఫీని రెండు కప్పుల్లో పోసి, ఒకటి పర్యావరణానికి మేలు చేసే పద్ధతిలో పండినదని చెప్పారు. తాగినవారు ఆ కప్పే రుచిగా ఉందన్నారు. దానికి ఎక్కువ ధర ఇవ్వడానికీ సిద్ధపడ్డారు. 2010లో అమెరికాలో జరిగిన మరో అధ్యయనంలో, సేంద్రియమని రాసి ఉన్న బిస్కట్లలో కేలరీలు తక్కువ ఉంటాయని జనం అంచనా వేశారు. మొదటి ప్రయోగం గురించి నాకు పెద్ద అభ్యంతరం లేదు, రుచి మనసుకు సంబంధించినదే. రెండోదానిని మాత్రం మన దగ్గర ప్రజారోగ్య సమస్యగా చూడాలి. సేంద్రియ బెల్లంతో చేసిన సున్నుండ షుగరు ఉన్నవారికి సున్నుండే. రసాయనాలు లేని చెరకు నుంచి వచ్చినా బెల్లంలో ఉండేది ప్రధానంగా చక్కెరే. నెయ్యి, బెల్లం, వేయించిన చిరుతిళ్లు ఆర్గానిక్ దుకాణంలో దొరికాయి కాబట్టి ఎంతైనా తినవచ్చనుకునేవారిని ఆ ముద్ర కాపాడలేదు.

అసలు ముద్రలు ఏం చెబుతున్నాయి? 1937 నాటి చట్టం నుంచి వచ్చిన, మనకు బాగా తెలిసిన ఆగ్‌మార్క్ సరుకు నాణ్యత గురించీ స్వచ్ఛత గురించీ హామీ ఇస్తుంది. సేంద్రియ ముద్ర హామీ ఇచ్చేది పండించిన పద్ధతికి. ఈ తేడా తెలియకే చాలామంది నిరాశపడుతున్నారు. దేశంలో ఆ పద్ధతిని ధ్రువీకరించే దారులు రెండు. మొదటిది 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. దీన్ని కేంద్ర ప్రభుత్వ సంస్థ అపెడా నడుపుతుంది, బయటి సంస్థ తనిఖీ చేస్తుంది. ఏడాది పంటలకు రెండేళ్లు, తోటలకు మూడేళ్లు రసాయనాలు మానిన తరవాతే ముద్ర వస్తుంది. రెండోది పీజీఎస్ ఇండియా. ఇందులో రైతు బృందాలే ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. 2017లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ తెచ్చిన నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద సేంద్రియమని రాయాలంటే ఈ రెండింటిలో ఏదో ఒకటి ఉండాలి. జైవిక్ భారత్ గుర్తు అలా వచ్చింది. చిన్న రైతు తన పంటను నేరుగా తినేవారికి అమ్ముకుంటే ఆ ధ్రువపత్రం అక్కర్లేదు. ఈ మినహాయింపు న్యాయమైనదే. అయితే అలాంటి చోట కొనేవారికి కాగితం ఉండదు, మనిషి మాటే ఉంటుంది.

పర్యావరణ ముద్ర కథ ఇంకోలా సాగింది. 1991లోనే కేంద్ర ప్రభుత్వం ఎకోమార్క్ ప్రకటించింది. దాని గుర్తు మట్టి కుండ. ఎంత మంచి గుర్తు! కానీ మన ఇళ్లకు వచ్చే సరుకు మీద దాన్ని చూసినవారు అరుదు. డెన్మార్క్‌లో ప్రభుత్వమే తన ఖర్చుతో సేంద్రియ పొలాలను తనిఖీ చేసి ఎర్ర ముద్ర వేస్తుంది. ఆహార అమ్మకాల్లో సేంద్రియానికి అత్యధిక వాటా ఉన్న దేశాల్లో అది ఒకటి. తేడా ముద్ర అందంలో లేదు. ముద్ర వెనక నిలబడే తనిఖీ ఎంత తరచుగా, ఎంత నిష్పక్షపాతంగా జరుగుతుందన్న దాంట్లో ఉంది.

కృష్ణా డెల్టాలో పర్యావరణ ముద్రకు నిజంగా విలువ కట్టేది రొయ్యల వ్యాపారం. కైకలూరు నుంచి బందరు దాకా చెరువుల్లో పెరిగే వెనామీ రొయ్య అమెరికాకో యూరప్‌కో వెళ్లాలంటే యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష దాటాలి. పెద్ద కొనుగోలుదారులు పర్యావరణ ధ్రువపత్రం కూడా అడుగుతారు. మన చెరువు నీరు, మన మడ అడవి, మన కొల్లేరు ఎలా ఉండాలో వేల మైళ్ల దూరంలోని వినియోగదారు ముద్ర ద్వారా కొంతైనా నిర్ణయిస్తున్నాడు. పటమట చేపల దుకాణంలో అదే రొయ్య కొనేవారు ఆ ప్రశ్న అడగరు. సేంద్రియం ఎందుకు కొంటున్నారంటే మన దగ్గర వచ్చే జవాబుల్లో పిల్లలు, ఒంట్లో షుగరు, పెద్దల మోకాళ్లు ఉంటాయి. కాలువ ఉండదు, కప్ప ఉండదు, మందు కొట్టిన కూలీ ఉండడు.

ఆ కూలీ గురించి మాట్లాడకుండా ఈ వ్యాసం ముగించలేను. కూర తినే మనకు చేరేది మందులో అతి చిన్న అంశం. వీపున ట్యాంకు కట్టుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఎదురుగాలిలో కొట్టేవాడి చర్మానికి, ఊపిరికి తగిలేది అంతకు ఎన్నో రెట్లు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తి చేలలో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. 1997 నుంచి 2002 దాకా వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో పురుగుమందు విషంతో 8,000 మందికి పైగా చేరారనీ, ప్రతి ఐదుగురిలో ఒకరికి మించి చనిపోయారనీ 2005లో ప్రచురించిన అధ్యయనం నమోదు చేసింది. వారిలో ఎక్కువమంది అప్పులతో, నిరాశతో తామే తాగినవారు. మందు ఇంట్లో లేకపోతే వారిలో కొందరు బతికేవారు. సేంద్రియ ఆహారం కొనడానికి నాకు తెలిసిన అన్ని కారణాల్లో శాస్త్రం నిస్సందేహంగా సమర్థించేది ఇదే. తినేవారి కన్నా పండించేవారికి దాని వల్ల మేలు ఎక్కువ.

పండించేవారు మందులు మానడానికి మన నేలలో గట్టి ప్రయత్నాలే జరిగాయి. పాత ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం 2000 దశకం తొలి ఏళ్లలో పురుగుమందులు పూర్తిగా మానేసింది. ఆ అనుభవం నుంచి మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సేద్యం ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయాన్ని నడిపిస్తోంది. లక్షల మంది రైతులు జీవామృతం, ఘనజీవామృతం, కషాయాల దారికి వచ్చారు. 2024లో ఆ కార్యక్రమం గుల్బెంకియన్ పురస్కారాన్ని పంచుకుంది. దిగుబడి గురించి అభ్యంతరాలు లేకపోలేదు. 2012లో నేచర్ పత్రికలో వచ్చిన విశ్లేషణ సేంద్రియ దిగుబడులు పంటనుబట్టి 5 నుంచి 34 శాతం తక్కువని చెప్పింది. మన రాష్ట్రంలో రైతుల పొలాల్లోనే బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో మాత్రం అలాంటి నష్టం కనబడలేదు. ఈ చర్చ తేలడానికి ఇంకా చాలా పంటకాలాలు పడతాయి.

డెల్టాకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇక్కడ నీరు చేను మీంచి చేనుకు పారుతుంది. ఎగువ చేలో గుళికలు చల్లితే ఆ నీరే దిగువ చేలోకి దిగుతుంది. ఒక్క రైతు ఎంత నిష్ఠగా ఉన్నా అతని గట్టు నీటిని ఆపలేదు. కాబట్టి డెల్టాలో నిజమైన సేంద్రియం అంటే ఒక బోదె కింది రైతులందరూ కలిసి మారడమే. ముద్ర అడిగే పట్టణవాసికి ఈ సంగతి తెలిస్తే, ఎవరి దగ్గర కొన్నాం అన్నదానికన్నా ఏ ఊరు మొత్తం మారింది అన్నది అడగడం మొదలుపెడతాడు.

ఇక ధర. మెచ్చుకునేవారు ఎక్కువ, కొనేవారు తక్కువ కావడం ప్రపంచమంతటా గమనించిన విషయమే. ఎక్కువ కూలి, మార్పు కాలపు నష్టం, ధ్రువీకరణ రుసుము, త్వరగా పాడయ్యే సరుకు, చిన్న పరిమాణంలో రవాణా అన్నీ ధరలో చేరతాయి. హైదరాబాదులో 2004లో మొదలైన శ్రేష్ఠ సంస్థ 24 మంత్ర పేరిట తన సేంద్రియ సరుకును దేశవిదేశాలకు చేర్చింది. 2025లో దాన్ని కొంటున్నట్టు ఐటీసీ ప్రకటించింది. పెద్ద వ్యాపారం వస్తే సరఫరా పెరగవచ్చు. కానీ రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలైనది దళారీ లేకుండా రైతూ తినేవారూ ఎదురెదురుగా నిలబడడానికి. మందు వెయ్యని కూర ధర దిగిరావాలన్నా, దాని మీద నమ్మకం నిలవాలన్నా అంతకన్నా మంచి చోటు నాకు కనబడదు.

అక్కడ ఒక్కటే కొరత. మనిషి మాట ఉంది, పరీక్ష లేదు. పీజీఎస్ పత్రం ఉన్న రైతు బృందాలకు అక్కడ శాశ్వతమైన చోటు ఇచ్చి, వారి సరుకు నుంచీ మామూలు సరుకు నుంచీ నెలనెలా నమూనాలు తీసి, అవశేషాల పరీక్ష ఫలితాన్ని ధరల పట్టిక పక్కనే తెలుగులో రాసి పెట్టాలి. అలా చేస్తే ఎక్కువ ధర పెట్టలేని వారికి కూడా ఏ కూర ఎంత సురక్షితమో తెలుస్తుంది. పటమటవాసులు ఈ వారం రైతు బజారుకు వెళ్లినప్పుడు ఎస్టేట్ అధికారిని ఈ పట్టిక ఎప్పుడు పెడతారని అడగాలని నా విన్నపం.